ఎంత కడిగినా వంటింటి చెత్తడబ్బా వాసన సాయంత్రానికే తిరిగి వస్తోంది, ఏం చేయాలి?

మూడో అంతస్తు (విజయవాడ) అడిగారు:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో మేము ఐదుగురం ఉంటున్నాము: మా అత్తగారు, మామగారు, మావారు, నేను, ఏడాదిన్నర వయసున్న మా పాప. వంటింట్లో సింకు పక్కన, కాలితో నొక్కితే మూత లేచే రకం ప్లాస్టిక్ చెత్తడబ్బా ఒకటి ఉంది. రెండేళ్ల కిందట కొన్నాము. చెత్త పడే బకెట్టు లోపల విడిగా ఉంటుంది కాబట్టి, ప్రతి ఆదివారం దాన్ని బాత్‌రూములోకి తీసుకువెళ్లి, గిన్నెలు తోమే సబ్బుతో, పీచుతో బాగా రుద్ది, ఫినాయిలు కలిపిన నీళ్లతో కడిగి తిరిగి పెడుతున్నాను. ఆ పూటకు బాగానే ఉంటుంది. దీపం పెట్టే వేళకు మూత లేవగానే మళ్లీ అదే వాసన వస్తుంది. కుళ్లిన ఉల్లిపాయ, చేపల బుట్ట, పులిసిన మజ్జిగ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చిత్రమేమిటంటే, అప్పటికి ఆ డబ్బాలో పడింది నాలుగు బెండకాయ తొడిమలు, వడకట్టిన టీ పొడి మాత్రమే.

వానాకాలం మొదలయ్యాక పరిస్థితి మరీ దిగజారింది. మునిసిపాలిటీ చెత్తబండి ఉదయం వస్తుంది గానీ, వాన పట్టిన రోజుల్లో రాకపోవడంతో రెండు మూడు రోజుల చెత్త ఇంట్లోనే ఉండిపోతోంది. మొన్న గురువారం పొద్దున్నే మూత అంచు లోపలి వైపున తెల్లటి చిన్న పురుగులు ఐదారు పాకుతూ కనిపించాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మా అత్తగారు డబ్బా చుట్టూ కలరా ఉండలు, కర్పూరం బిళ్లలు పెట్టారు. ఇప్పుడు రెండు వాసనలూ కలిసి వస్తున్నాయి. ప్లాస్టిక్‌కు వాసన పట్టేసిందని, దాన్ని పారేసి కొత్తది కొందామని మావారు అంటున్నారు. నిజంగా ప్లాస్టిక్‌కు వాసన పడుతుందా? ఆ పురుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? పాప నేల మీద తిరుగుతూ చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి, ఘాటైన మందులు వాడాలంటే భయంగా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత పంతులు (కాకినాడ) జవాబు:

అమ్మా, ముప్పయ్యేళ్లపాటు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాడిని. జవాబు కాస్త పాఠంలా సాగితే ఏమీ అనుకోకండి. ముందుగా ఆ కలరా ఉండలను ఈ రోజే తీసి బయట పారేయండి. అవి నాఫ్తలీన్ ఉండలు. పాకే పిల్ల కంటికి అవి పిప్పరమెంటు బిళ్లల్లాగే కనిపిస్తాయి. మింగితే రక్తంలోని ఎర్రకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. కర్పూరం కూడా పసిపిల్లల కడుపులోకి వెళితే మూర్ఛ తెప్పించగలదు. మీ అత్తగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. మా అమ్మగారు కూడా బతికినన్నాళ్లూ ఇంటినిండా కలరా ఉండలే వేసేవారు.

ఇక వాసన సంగతి. మీరు దాన్ని మూడు వాసనలుగా విడదీసి రాశారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. చేపలు, రొయ్యల పొట్టు కుళ్లినప్పుడు ట్రైమిథైల్ అమీన్ వంటి క్షార పదార్థాలు పుడతాయి. నిమ్మరసమో, చింతపండు పులుసో, వెనిగరో తగిలితే అవి లవణాలుగా మారిపోయి గాలిలోకి లేవడం మానేస్తాయి. చేపలు కడిగేటప్పుడు మన ఆడవాళ్లు చింతపండో నిమ్మకాయో పట్టించడంలోని కిటుకు ఇదే. ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ, కోడిగుడ్డు కుళ్లితే వచ్చేది గంధకపు వాసన. అది నిమ్మకాయకు లొంగదు, క్లోరిన్‌కు లొంగుతుంది. పాలు, పెరుగు, నూనెల నుంచి వచ్చే పులిసిన వాసన కొవ్వు ఆమ్లాలది కాబట్టి దానికి సోడా సరిపోతుంది. మీరు వాడుతున్న ఫినాయిలు ఈ మూడింటిలో దేనినీ విరిచేది కాదు. దాని ఘాటు ఉన్నంతసేపు తక్కినవి మన ముక్కుకు తెలియవు, అంతే.

ప్లాస్టిక్‌కు వాసన పడుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. ఈ డబ్బాల ప్లాస్టిక్ నీటిని పీల్చదు గానీ, నూనెను, నూనెలో కరిగిన వాసనలను కాస్త పీల్చుకుంటుంది. పైగా ఇనుప పీచుతో రుద్దితే సన్నటి గీతలు పడి, వాటిలో జిడ్డు, దాన్ని పట్టుకుని సూక్ష్మజీవులు నిలిచిపోతాయి. ఇకమీదట మెత్తటి బ్రష్షు వాడండి. బకెట్టు సగానికి వేడినీళ్లు పోసి (సలసల కాగే నీళ్లు పోస్తే పలుచటి డబ్బాలు వంకర తిరుగుతాయి), అందులో చిన్న గుప్పెడు చాకలి సోడా వేసి, అరగంట నాననిచ్చి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని రుద్ది కడగండి. జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది: తడి వేలితో లోపలి గోడ మీద గట్టిగా రాస్తే కీచుమని చప్పుడు రావాలి. వేలు చప్పుడు లేకుండా జారిందంటే మరోసారి సోడా పెట్టవలసిందే.

బ్లీచింగ్ పౌడరు వంతు ఆ తరువాతే వస్తుంది. మురికి ఉండగానే దాన్ని వేస్తే తన బలమంతా ఆ మురికి మీదే ఖర్చుపెట్టి, సూక్ష్మజీవుల దాకా వెళ్లేసరికి చల్లబడిపోతుంది. లీటరు చల్లటి నీటికి తలగొట్టిన చిన్న చెంచా చొప్పున కలిపి, సున్నం అడుగుకు దిగాక పైనున్న తేటను పోసి, పది నిమిషాల తరువాత మంచినీళ్లతో కడిగేస్తే చాలు. కొట్లో నెలల తరబడి మూతి విప్పి ఉంచిన సంచిలోని పొడి కొనకండి. తేమకు, వేడికి దానిలోని క్లోరిన్ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. పాపకు అందని చోట ఈ పని చేసి, పూర్తిగా ఆరాకే డబ్బాను వంటింట్లోకి తీసుకురండి.

ఒక్కటి మాత్రం చేయవద్దు. బ్లీచింగ్ పౌడరు, వెనిగరు కలవకూడదు. బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూము కడిగే యాసిడ్ అసలే కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తరగతిలో ఏటా ఈ సంగతి చెప్పిన నేనే ఒక పండుగ ముందు రోజు, ఇల్లు కడిగే హడావుడిలో, పనిమనిషి యాసిడ్ పోసిన నేల మీద బ్లీచింగ్ నీళ్లు కుమ్మరించాను. తలుపు మూసి ఉన్న చిన్న గది. గొంతు పట్టేసి, కళ్ల వెంట నీళ్లు కారుతూ పెరట్లోకి పరుగెత్తి, రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాను. మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఆ ఒక్క విషయానికి మాత్రం ఊరికే వదలరు.

పురుగుల గురించి కూడా అడిగారు. అవి ఈగ పిల్లలు. ఈగ కుళ్లిన తడిచెత్త మీద ఒక్కో విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. మన వేడికి ఒక్క రోజులోనే అవి పొదిగి పురుగులవుతాయి. నాలుగైదు రోజులు తిని బలిశాక, ప్యూపాగా (ఈగగా మారే ముందు గోధుమ రంగు గింజలా గట్టిపడి కదలకుండా ఉండే దశ) మారడానికి పొడిగా ఉండే చోటు వెతుక్కుంటూ పైకి పాకుతాయి. మీకు మూత అంచున కనిపించినవి ఆ ప్రయాణంలో ఉన్నవే. అయితే రెండు మూడు రోజులకు మించి చెత్త ఉండటం లేదని మీరే అన్నారు. మరి అవి నాలుగైదు రోజులు ఎక్కడ పెరిగినట్టు? నాకు అక్కడ లెక్క కుదరడం లేదు.

ఇంటి చిట్కాలు (గుంటూరు) జవాబు:

ఇంత తతంగం అవసరం లేదండి. డబ్బాలో నాలుగు చెంచాల వంటసోడా వేసి, దాని మీద అరకప్పు వెనిగరు పోస్తే భుగభుగమని నురగ పొంగుతుంది. ఆ నురగ మురికినంతా లాగేస్తుంది. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను, వాసనే ఉండదు.

పాత పంతులు (కాకినాడ) జవాబు:

పైవారికి నమస్కారం. నురగ చూడముచ్చటగా ఉంటుందన్న మాట నిజమే, పిల్లలకు ప్రయోగశాలలో చూపించడానికి నేనూ చేసేవాడిని. కానీ సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలవగానే ఒకదాని పని మరొకటి చెడగొట్టుకుని, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోయి, చివరికి డబ్బా అడుగున కొద్దిపాటి ఉప్పు నీళ్లు మిగులుతాయి. మీ డబ్బా శుభ్రపడుతోందంటే అది తరువాత మీరు రుద్దే రుద్దుడు మహిమ. సోడాతో ఒకసారి కడిగి, ఆ నీళ్లు పారబోసి, తరువాత విడిగా వెనిగర్ నీళ్లతో తుడిస్తే రెండింటి ప్రయోజనమూ దక్కుతుంది. బ్లీచింగ్ వాడిన రోజున మాత్రం వెనిగరు జోలికి పోవద్దు.

వంటశాల మేస్త్రి (విశాఖపట్నం) జవాబు:

పంతులుగారు లెక్క కుదరడం లేదన్న చోటే అసలు కిటుకు ఉందండి. విశాఖలో ఒక హోటలు వంటశాలలో పదకొండేళ్లు పనిచేశాను. రోజూ రాత్రి మూసే వేళకు పెద్ద డబ్బాలు ఎనిమిది, చిన్నవి పది దగ్గరుండి కడిగించే పని నాదే. అక్కా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లోపలి బకెట్టును కడుగుతున్నానని రాశారు గానీ, బయటి డబ్బాను కడుగుతున్నట్టు ఎక్కడా రాయలేదు. ఒకసారి బకెట్టు బయటికి తీసి, టార్చిలైటు వేసి బయటి డబ్బా అడుగును చూడండి. సంచీ చిరిగినప్పుడు, బకెట్టు ఒరిగినప్పుడు కారిన నీరంతా అక్కడికే చేరుతుంది. కాలితో నొక్కే పలక నుంచి మూత దాకా వెనకవైపు ఒక కడ్డీ వెళుతుంది. అది కదిలే సందులోనూ, మూత మడతబందు దగ్గరా పేరుకున్న మట్టిని పాత పళ్లుతోముకునే బ్రష్షుతో గానీ తీయలేము. మూతకు లోపలి వైపు అంచు చుట్టూ చిన్న గాడి ఉంటే దాన్ని కూడా చూడండి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎప్పుడూ ఎదురుగా కనిపించే చోటే తళతళలాడించేవారు. వాసన మాత్రం కనిపించని చోటి నుంచే వచ్చేది.

రెండో సంగతి ఆరబెట్టడం. కడిగిన డబ్బాను అలాగే నిలబెట్టి ఆరబెట్టకూడదు. రెండు కర్రముక్కల మీదో, ఇటుకల మీదో బోర్లించాలి, కింద నుంచి గాలి ఆడాలి. తడి ఉండగానే సంచీ తొడిగితే ఆ సంచీకి, గోడకు మధ్య చెమ్మ అలాగే నిలబడి, మీరు చెప్పినట్టు సాయంత్రానికి కంపు మొదలవుతుంది. ఎండ తగిలితే మరీ మంచిది. ఈ వానల్లో ఎండ దొరకదు కాబట్టి పొడిబట్టతో తుడిచి, ఫ్యాను కింద రెండు గంటలు పెట్టండి. మేము హోటల్లో ప్రతి డబ్బాకూ జోడు ఉంచుకునేవాళ్లము: ఒకటి వాడుకలో ఉంటే రెండోది ఆరుతూ ఉండేది.

మిద్దెతోట (హైదరాబాద్) జవాబు:

కడగడం గురించి పెద్దలు బాగా చెప్పారు. నేను కడగవలసిన అవసరమే తగ్గించుకునే దారి చెబుతాను. మా ఇంట్లో తడిచెత్త డబ్బా వాసన తొంభై పాళ్లు తగ్గింది కేవలం నీళ్లు పోనివ్వకపోవడం వల్ల. సింకులో జల్లెడ గిన్నె ఒకటి పెట్టి, టీ పొడి, మెతుకులు, చారులో మిగిలిన కరివేపాకు, పిండేసిన చింతపండు పిప్పి అందులో పడేస్తాను. నీరంతా ఓడిపోయాక, రాత్రి పడుకునే ముందు ఒక్కసారే డబ్బాలో వేస్తాను. డబ్బా అడుగున పాత దినపత్రికలు నాలుగు పొరలు మడిచి పరుస్తాను. కూరగాయల చెక్కును కూడా కాగితంలో చుట్టి వేస్తే అది చెమ్మను పీల్చుకుని, చెత్త కుళ్లే బదులు వడలిపోతుంది. చేపలు, రొయ్యలు, కోడిమాంసం వండిన రోజున ఆ వ్యర్థాలను ఒక మూత డబ్బాలో పెట్టి, బండి వచ్చే ఉదయం దాకా ఫ్రీజరులో ఉంచుతాను. మా వారు మొదట ముక్కు చిట్లించారు గానీ, ముందు రోజు దాకా ఆ చేప ఉన్నదీ అదే ఫ్రీజరులో కదా అని అడిగితే మాట్లాడలేదు.

తడిచెత్త, పొడిచెత్త విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చినప్పటి నుంచి వింటున్నాము. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా సంగతి అందరికీ తెలుసు. వాసన కోణంలోంచి కూడా అది ఎంత మేలో చాలామంది గమనించరు. పాల ప్యాకెట్టును కడగకుండా పొడిచెత్తలో వేస్తే, ఆ రెండు చుక్కల పాలే వారంపాటు కంపు కొడతాయి. కత్తిరించి, ఒకసారి నీళ్లతో జాడించి, ఆరాక వేయండి. పిల్లల డైపర్లను కాగితంలో చుట్టి, పూర్తిగా విడిగా ఇవ్వాలి. మీ ఇంట్లో పాప ఉంది కాబట్టి గుర్తు చేస్తున్నాను. నల్లటి ప్లాస్టిక్ సంచీలో నీళ్లోడుతున్న చెత్తను మూటకట్టి ఇస్తే, స్వచ్ఛ ఆటో మీద నిలబడి దాన్ని చేతితో విప్పే మనిషి చొక్కా మీద ఆ నీళ్లు కారడం నేను బాల్కనీలోంచి చూశాను. అప్పటి నుంచి సంచీ మానేసి, కాగితంతోనే గడుపుతున్నాను. హోటలు అన్నగారు సంచీలు వాడి ఉండవచ్చు, అక్కడి లెక్క వేరు.

డల్లాస్ నుంచి జవాబు:

మాది ఇంటి బయట ఉండే చక్రాల డబ్బాల గోడు. ఇక్కడ మా పేటలో 96 గ్యాలన్లు, అంటే దాదాపు 360 లీటర్లు పట్టే డబ్బా ఒక్కో ఇంటికి ఉంటుంది. వారానికి ఒకసారే బండి వస్తుంది. టెక్సస్ వేసవి సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొదటి ఏడాది మూత తెరిస్తే పురుగులు గోడలంతా ఎక్కి ఉండేవి. మాంసం చెత్తను ఫ్రీజరులో దాచి, బండి వచ్చే ముందు రాత్రే వేయడం మొదలుపెట్టాక అవి మళ్లీ కనిపించలేదు. మిద్దెతోటగారి మాట అక్షరాలా నిజం. ఇక్కడి మనవాళ్లకు ఒక మనవి: డబ్బాను వాకిట్లో కడిగి ఆ బ్లీచ్ నీళ్లను వీధి కాలువలోకి వదలకండి, వానకాలువ నీళ్లు శుద్ధి కాకుండానే వాగుల్లోకి వెళతాయి. గడ్డి మీద సబ్బునీళ్లతో కడుగుకోవడం, బ్లీచ్ వాడితే ఆ నీళ్లను ఇంట్లోని మురుగు గొట్టంలో పోయడం మేలు.

మూడో అంతస్తు (విజయవాడ) తిరిగి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. చేసి చూసి రాద్దామని పది రోజులు ఆగాను.

మేస్త్రిగారూ, మీరు చెప్పినట్టే బకెట్టు తీసి టార్చి వేసి చూశాను. బయటి డబ్బా అడుగున వేలెడు మందాన నల్లటి నీరు నిలిచి ఉంది. దానిలో ఒక నిమ్మ తొక్క, పాప పాలసీసా రబ్బరు మూత (రెండు నెలలుగా వెతుకుతున్నాము), అంచుల వెంట గోధుమ రంగు గింజల్లాంటివి పదీ పదిహేను ఉన్నాయి. పంతులుగారి పాఠం చదివి ఉండటం వల్ల అవి ఈగల ప్యూపాలని పోల్చుకోగలిగాను. లెక్క కూడా కుదిరింది: పైన బకెట్టు రెండు మూడు రోజుల్లోపే ఖాళీ అవుతున్నా, కింద వాటి సంసారం నిక్షేపంగా సాగింది. రెండేళ్లుగా నేను ప్రతి ఆదివారం శుభ్రంగా కడిగిన బకెట్టును తీసుకువెళ్లి ఆ నీళ్లలోనే పెడుతున్నాననుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ నీళ్లు టాయిలెట్లో పోసి, ఆ గింజలను వేడినీళ్లతో చంపి, పాపను మామగారి దగ్గర కూర్చోబెట్టి, సోడాతో రెండుసార్లు కడిగాను. మొదటిసారి వేలు జారింది, రెండోసారి కీచుమంది. తరువాత బ్లీచింగ్ తేట పోశాను. మడతబందు సందులో పేరుకున్న మట్టిని బ్రష్షుతో తీస్తే తారులా ముద్దగా వచ్చింది. బాల్కనీలో బోర్లించి ఒక రోజంతా ఆరనిచ్చాను. ఇప్పుడు బయటి డబ్బా అడుగున కూడా కాగితం పరిచి, రెండు రోజులకొకసారి ఎత్తి చూస్తున్నాను. ఎనిమిది రోజులుగా వాసన లేదు. మొన్న ఆదివారం రొయ్యలు వండాము, పొట్టు ఫ్రీజరుకు వెళ్లింది.

కలరా ఉండల సంగతి అత్తగారికి ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తూ ఉంటే, ఈ జవాబు చదివిన మామగారే ఆవిడకు బిగ్గరగా చదివి వినిపించారు. ఆవిడ మారు మాట్లాడకుండా అన్నీ ఏరి, తన చీరల పెట్టెలో వేసి తాళం పెట్టుకున్నారు.

ఈలోగా మావారు నాతో చెప్పకుండా అదే కంపెనీ డబ్బా మరొకటి కొని తెచ్చేశారు. తిరిగి ఇచ్చేయమందామనుకున్నాను గానీ, మేస్త్రిగారి జోడు డబ్బాల మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇప్పుడు పాతది వంటింట్లో ఉంది, కొత్తది బాల్కనీలో బోర్లించి ఉంది.